ఎడమచేతి మోత

ఆదివారం చర్చి మొదటి గంట కొట్టేసరికి ఝాన్సీ అత్తగారికి తెల్లచీర కట్టి, కారు ముందు సీట్లో కూర్చోబెట్టింది. చిలకలపూడిలో ముసురు పట్టి మూడు రోజులైంది. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి ప్రేమమ్మ వారమంతా ఎదురుచూసేది ఈ ఒక్క పూట కోసమే.

చక్రాల కుర్చీ మడిచి డిక్కీ తెరిచిన ఝాన్సీ అలాగే నిలబడిపోయింది. లోపల నల్లటి పెద్ద పెట్టె, దాని నడుమ పళ్ళెమంత స్పీకరు, పక్కన ఆంప్లిఫయరు, నాలుగు మూలలా బోల్టులు. నిన్నంతా గుడివాడలో మొగుడు వెలగబెట్టిన రాచకార్యం ఇదన్నమాట.

"ఏంటండీ ఇది?"

"సబ్‌ఊఫర్. బేస్ బాగుంటుందని పెట్టించాను," అన్నాడు జాషువా చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"కుర్చీ ఎక్కడ పెట్టాలి మరి? వెనక సీట్లో పట్టదు కదా."

అతని చెయ్యి గుండీ మీదే ఆగింది. ఏ వైరు ఎటు లాగాలో రోజంతా నిలబడి చూసుకున్న మనిషికి కుర్చీ సంగతి ఒక్కసారీ గుర్తు రాలేదు. అయితే మాత్రం, తప్పు ఒప్పుకుంటే మగతనం ఏమైపోతుంది!

"ఈ వారానికి అమ్మ కార్లోనే కూర్చుంటుందిలే. మైకు బయటికీ వినిపిస్తుంది."

"మావయ్యగారు పోయాక అత్తయ్య నలుగురి మొహాలు చూసేది అక్కడొక్కచోటే. వానలో కార్లో ఒంటరిగా వదిలేస్తారా?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అమ్మ ఏమైనా అందా?"

"ఆవిడ ఏనాడు నోరు తెరిచింది కనుక? మీ పాటల సరదా కోసం..." ఝాన్సీకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సరదా కాదు. నాన్న కోసం." జాషువా జేబులోంచి ఫోను తీశాడు.

కిందటి క్రిస్మస్‌కి చర్చిలో తండ్రి బాలస్వామి డోలక్ వాయిస్తుంటే పక్కనే కూర్చుని రికార్డు చేసింది జాషువాయే. ఈ జూలైలో పక్షవాతంతో పడిపోయిన ఆయన మళ్లీ లేవలేదు.

"ఫోన్లో ఎన్నిసార్లు విన్నా కుడిచేతి టకటకే వస్తుంది. నాన్న ఎడమచెయ్యి వేస్తే బెంచీలు అదిరేవి. అది అమ్మకి ఒక్కసారి వినిపిద్దామనుకున్నా."

కారులో కూర్చుని పాట పెట్టాడు. సౌండు మెల్లగా పెంచాడు. గుమ్మని మోత లేచింది. సీటు కింద నుంచి ఒళ్లంతా తాకుతున్న ఆ దరువుకి ప్రేమమ్మ కళ్లు మూసుకుని డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించింది. తలుపు పట్టుకుని నిలబడ్డ ఝాన్సీకి కోపం నిలవలేదు.

రెండో చరణంలో మోత ఒకచోట తప్పింది. మళ్లీ తప్పింది. కాసేపటికి కుడిచేతి టకటకే మిగిలింది.

"వైరు లూజైనట్టుంది," అంటూ జాషువా వెనక్కి వంగాడు.

"వైరు కాదురా." ప్రేమమ్మ చెయ్యి తియ్యలేదు. "అప్పటికే మీ నాన్నకి ఆ చెయ్యి తిమ్మిరెక్కి జారిపోయేది. నీకు చెప్పొద్దన్నారు. పండగపూట ఆస్పత్రులెందుకన్నారు. నేనూ ఊరుకున్నాను. ఆ పాపం నాది."

"పక్కనే ఉన్నానమ్మా. నాకు తెలియలేదు."

"నువ్వు ఫోన్లోకి చూస్తున్నావు నాయనా."

నిష్ఠూరమేమీ లేకుండానే అంది. అయినా జాషువా స్టీరింగు మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. రెండో గంట వినిపించింది.

"మీ నాన్న చెయ్యి మళ్లీ విన్నాను, అది చాలు. ఆ పెట్టె తీసి కుర్చీ పెట్టు. ఆయన కూర్చున్న చోటు చూసుకోవడానికైనా వెళ్లాలి నేను."

ఝాన్సీ స్పానరు తెచ్చింది. తెల్లబట్టలతో తడినేల మీద మోకాళ్లూని జాషువా మూడు బోల్టులు విప్పాడు. నాలుగోది కదల్లేదు. ఝాన్సీ తన చెయ్యి కూడా వేస్తే కదిలింది.

వాళ్లు వెళ్లేసరికి ప్రసంగం సగమైంది. ఎప్పుడూ ఝాన్సీ తోసే కుర్చీని ఆ రోజు జాషువా తోసుకెళ్లి, ఖాళీగా ఉన్న డోలక్ చాప పక్కన ఆపి, తల్లి దగ్గరే కింద కూర్చున్నాడు. ఫోను కార్లోనే వదిలేశాడు.