గోతిలోకి దిగేముందు

ఎండుచేపలు వేపుతున్న ఫెలిసిదాద్‌కి ముందుగదిలోంచి మొగుడి గొంతు వినిపించింది. "ఆగాగు! ఆ రాయి వెనక చూడు, దారుంటుంది." పక్షవాతం వచ్చాక అర్సెనియోకి మాట ముద్దగా వస్తోంది, కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంటోంది. అయినా ఆ గొంతులో హుషారు వింటే ఆమెకి ఒళ్ళు మండింది.

ఆ వీడియో ఆట తెచ్చింది కూతురు మారివిక్. టీవీలో అచ్చం సినిమాలాగే నడుస్తుంది. ఇద్దరు స్నేహితులు పాత కోటలూ గుహలూ గాలిస్తూ నిధి వెతుకుతుంటారు. కాలు పెడితే వంతెన విరుగుతుంది, చెయ్యి వేస్తే గోడ కదులుతుంది. సినిమాలో హీరో మన మాట వినడు, ఇందులో వింటాడు, అంతే తేడా. పనికి వెళ్ళేముందు రోజూ గంటసేపు కూతురు ఆడుతుంది, తండ్రి దారి చెబుతాడు. మూడు నెలలు గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి, ఇప్పుడు పొద్దున్నే తల దువ్వించుకుని టీవీ ముందు తయారు!

నిజానికి నిధి అన్న మాటే ఆ ఇంట్లో ఎత్తకూడదు. యుద్ధంలో జపాను సైనికులు పాతిపెట్టారన్న బంగారం కోసం అర్సెనియో ఒకప్పుడు ఊరి దగ్గరి బంబాంగ్ కొండల్లో గోతులు తవ్వేవాడు. ఊళ్ళో సగంమంది మగాళ్ళకి అదే పిచ్చి. పద్దెనిమిదేళ్ళ కిందట ముప్పై అడుగుల గోతిలోకి దిగిన డెల్ఫిన్ గాలాడక అక్కడే ప్రాణం వదిలాడు. డెల్ఫిన్ ఫెలిసిదాద్ తమ్ముడు, తల్లి పోయాక ఆమె చేతుల్లో పెరిగినవాడు. ఆరోజు నుంచి ఆమె మొగుడికి అన్నం పెట్టింది, బట్టలుతికింది, జబ్బు చేస్తే ఒళ్ళు తుడిచింది. క్షమించడం మాత్రం ఆమెవల్ల కాలేదు.

"మళ్ళీ ఆ గోతి దగ్గరికే పోనీ అమ్మా," అంటున్నాడు అర్సెనియో.

"నాన్నా, అది పదోసారి! అవతల నిధి గది తలుపు తెరిచే ఉంది, పోదాం."

"నిధి ఎక్కడికీ పోదులే. ముందు వాడి సంగతి చూడు."

ఫెలిసిదాద్ గరిటెతోనే వచ్చేసింది. తెరమీద లోతైన గొయ్యి, అందులో తాడు పట్టుకుని వేలాడుతున్న కుర్రాడు.

"సిగ్గులేదూ? నా తమ్ముణ్ణి మింగింది చాలలేదా? ఇంట్లో కూర్చుని కూడా గోతులేనా? మారివిక్, ఆ పెట్టె ఇవాళే బయటికి పోవాలి. లేదంటే నేనే మా చెల్లెలింటికి పోతా. ఇక మీ నాన్నకి ఎవరు వండిపెడతారో చూస్తా!"

"అమ్మా, నాన్న నిధి కోసం ఆడట్లేదే. ఈ గోతి దగ్గరికి రాగానే ఆపేస్తాడు. కొవ్వొత్తి దింపకుండా దిగొద్దని ఆ ఆటలో కుర్రాడి మీద అరుస్తాడు."

"కొవ్వొత్తి ఏంటి?"

"మనిషి దిగేముందు వెలిగించిన కొవ్వొత్తి తాడుకి కట్టి దింపుతారట. ఆరిపోతే కింద గాలి చెడ్డదన్నమాట. మావయ్య దిగినరోజు నాన్న తీసుకెళ్ళడం మర్చిపోయాడట."

"అవును, మర్చిపోయా," అన్నాడు అర్సెనియో, గబుక్కున, భార్య వైపు చూడకుండా.

తమ్ముడు పోయిన రోజు ఫెలిసిదాద్ కళ్ళముందుకొచ్చింది. ఆరోజు సమాధుల పండుగ. తల్లి సమాధి మీద వెలిగించడానికి ఇంట్లో కొవ్వొత్తులు లేవు. గుమ్మం దగ్గర మొగుడి సంచిలో ఒక కట్ట కనిపించింది. తవ్వుకునేవాళ్ళకి ఇవెందుకు, దయ్యాలకి దణ్ణం పెట్టుకోడానికా అని విసుక్కుంటూ తీసేసుకుంది. తవ్వకం ఊసెత్తితేనే చెవులు మూసుకునే మనిషి, అవెందుకో తర్వాతైనా ఎవర్నీ అడగలేదు.

"నువ్వు మర్చిపోలేదు. సంచిలోంచి నేనే తీశాను," అంది.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"వాణ్ణి పూడ్చిన రోజు నుంచీ. మీ అమ్మ సమాధి మీద నా కొవ్వొత్తుల కరిగిన మొదళ్ళు చూశా."

"మరి చెప్పలేదేం? ఇన్నేళ్ళు నిన్ను నానామాటలూ అన్నానే!"

అర్సెనియో మాటలు కూడదీసుకున్నాడు. "చెబితే నువ్వు బతికేదానివా ఫెలీ? కొవ్వొత్తి లేదని తెలిసీ, వాడు 'ఒక్క నిమిషం బావా, చూసొస్తా' అన్నాడని తాడు వదిలింది నేను. ఆ తప్పు నాదే. నీకెందుకు పంచాలి?"

ఆమె అతని కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. తమ్ముడు పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు. మారివిక్ కళ్ళు తుడుచుకుంటూ టీవీ కట్టెయ్యబోయింది.

"ఉంచు," అంది ఫెలిసిదాద్. "ఆ కుర్రాడు పైకొస్తాడా?"

"వస్తాడమ్మా. ఈ బటన్ ఆపకుండా నొక్కాలి."

నూనె చేతులతోనే కూతురి చేతిలోని ఆట రిమోట్ అందుకుని నొక్కింది. తాడు జారింది. కుర్రాడు చీకట్లోకి పడిపోయాడు.

"అయ్యో, చంపేశానే!"

"లేదమ్మా, మళ్ళీ మొదలవుతుంది. చూడు."

అర్సెనియో ఎడమచెయ్యి ఆమె చేతిమీద వేశాడు. "కంగారు పడకు. ఇప్పుడు లాగు." ఇద్దరూ కలిసి నొక్కారు. కుర్రాడు గట్టుమీదికొచ్చి, చొక్కా దులుపుకుని నవ్వాడు. ఫెలిసిదాద్ మొగుడి భుజానికి తల ఆనించి ఆ నవ్వునే చూసింది.

"ఇంకోసారి పెట్టవే," అంది కూతురితో.