బరువు నటించదు

ఫిల్మ్ నగర్‌లోని ఆ స్టూడియో ఫ్లోర్ తలుపులు మూస్తే, పగలు పదిగంటలకైనా లోపల చీకటే. కొత్త పెయింటు, పొగ మిషన్ నూనె, తడిసిన గోనెసంచి వాసన. మధ్యలో ఇనప కాళ్ళ మీద ఎప్పటిదో యుద్ధవిమానం. తుక్కులో కొన్న అసలు విమానమే. ఇంజను లేదు. ముందున్న పంకాను మోటారు తిప్పుతుంది, కింద జాకీలు ముక్కును పైకెత్తుతాయి. బాంబులతో బరువెక్కిన విమానాన్ని హీరో కురచ రన్‌వే మీంచి గాల్లోకి లేపాలి. అదీ సీను. హీరో బదులు లోపల కూర్చునేది బెన్‌హర్. బాపట్ల నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళుగా డూపు వేస్తున్నాడు. కాపురం షేక్‌పేటలో ఒక అద్దెగది.

మిగిలింది ఒక్క షాటు. అది అయితే గుమ్మడికాయ కొట్టి సినిమా అయిపోయిందనిపిస్తారు. గుమ్మడికాయ అప్పుడే బొట్టు పెట్టించుకుని మూల కూర్చుంది.

నెల కిందట ఇదే షాటులో నర్సింహ పోయాడు. సెట్ పని చేసేవాడు. డైరెక్టర్ రవిచంద్ర "బరువు నటించదు, బరువు ఉండాలి" అని విమానం పొట్టలో ఇసకబస్తాలు వేయించాడు. వాటిని తాళ్ళతో కట్టడానికి నర్సింహ లోపలికి దూరాడు. లంచ్‌లోపు టేకు కావాలన్న తొందరలో ఎవడో కింది తలుపు బిగించేశాడు. ముక్కు లేచింది. బస్తాలన్నీ తోకవైపు జారాయి. నర్సింహ తోకవైపే ఉన్నాడు.

త్యాగం గురించి పేజీలకు పేజీలు డైలాగులున్న సినిమా అది. త్యాగం చెయ్యాల్సింది మాత్రం డైలాగు లేనివాడు. కష్టజీవి నెత్తుటి మీదే మేడలు లేస్తాయని ఎవరో గోడల మీద రాస్తారు. జూబ్లీ హిల్స్‌లో తెల్లారేసరికి ఆ గోడకు సున్నం వేయించేస్తారు. వేసేదీ కష్టజీవే.

ఆ రోజు బెన్‌హర్ తన కాళ్ళ కింద రేకు మీద చప్పుడు విన్నాడు. టక్... టక్... టక్. "అన్నా!" అన్న పిలుపూ విన్నాడు. షాటు ఆపాలంటే అద్దానికి రెండు అరచేతులూ ఆనించాలి. సాగాలంటే బొటనవేలు ఎత్తాలి. టేకు చెడగొట్టిన డూపును మళ్ళీ ఎవరూ పిలవరు. అతను కిందికి వంగి, "కొంచెం ఓర్చుకో తమ్ముడూ, టేకు బాగా వస్తోంది" అని గుసగుసలాడాడు. బొటనవేలు ఎత్తాడు. ఇరుక్కున్నాడేమో అనుకున్నాడు, అంతే. అనుకున్నాడో, అలా అనుకోవడమే సుఖమనిపించిందో.

ఆ మాట ఇంకెవరూ వినలేదు. ఆ చావు మీద రేపు పోలీసుల దగ్గర అతను వాఙ్మూలం ఇవ్వాలి.

ఇవాళ పొద్దున స్టూడియో గేటు దగ్గర నర్సింహ భార్య సత్యలక్ష్మి అడ్డం నిలబడింది.

"బెన్‌హరన్నా, పానం పోయెటప్పుడు ఆయన ఎవల్నన్న పిలిచిండా?"

"లేదమ్మా. చప్పుడే లేదు. ఒక్క క్షణంలో అయిపోయింది."

"రేపు గూడ గిదే చెప్తవా?"

"ఉన్నదే చెప్తా."

ఆమె అతని మొహం చూడలేదు. చేతులకేసి చూసింది. "మంచిది" అంది.

లోపల మేనేజరు సత్యనారాయణమూర్తి, బెన్‌హర్ తోలు గ్లౌజులు తొడుక్కుంటుంటే భుజం మీద చెయ్యేశాడు. "రేపటి సంగతి గుర్తుందిగా? నువ్వేం వినలేదు. పై సినిమాకి ఫైట్ మాస్టరువి నువ్వే. పూచీ నాది."

"గుర్తుందండీ. అన్నట్టు... పొట్టలో బస్తాలున్నాయాండీ?"

"ఒక్కటీ లేదయ్యా బాబూ! నిన్ననే తీయించేశాం. గాలి తప్ప ఏం లేదు. భయమా? మరి రథాల పందెం హీరో బెన్‌హర్ పేరెందుకు పెట్టుకున్నావోయ్!"

చుట్టూ నవ్వులు.

బెల్టు బిగించారు. అద్దం మూత పడింది. బయటి మాటలు తెగిపోయాయి. ఎదురుగా డైరెక్టర్ ముందున్న మానిటర్‌లో తన బొమ్మే చిన్నగా కనిపిస్తోంది. పంకా తిరిగింది. పొగ కమ్మింది. విమానం వణికింది...

ముక్కు లేవలేదు.

జాకీలు మూలిగాయి. ఖాళీ విమానానికి ఇంత బరువేమిటి? గోనె వాసన దగ్గరైంది. కాళ్ళ కింద ఇసక సన్నగా, తీరిగ్గా రాలుతున్న చప్పుడు. ముక్కు ఒక్కసారిగా పైకి లేచింది. వెనక ఏదో బరువైనది తోకవైపు జారింది.

టక్... టక్... టక్.

బెన్‌హర్ రెండు అరచేతులూ అద్దానికి ఆనించాడు. "ఆపండి!" ఎవరూ కదల్లేదు. డైరెక్టర్ నవ్వుతున్నాడు. బెల్టు మరో బెజ్జం బిగుసుకుంది. పక్కటెముక దగ్గర ఏదో చిట్లింది. పళ్ళ మధ్య ఇసక కరకరలాడింది.

కాళ్ళ కింది నుంచి గుసగుస.

"జర ఓపిక వట్టన్నా... టేకు మంచిగొస్తుంది."

"నర్సింహా! చెప్తానురా... ఉన్నదంతా చెప్తా... రేపు..."

"రేపు గదా" అంది ఆ గొంతు, కోపం లేకుండా. "ఇయ్యాల టేకు గానీ."

ఊపిరి అందడం లేదు. అద్దాన్ని బాదాడు, రెండు చేతులతో, పిడికిళ్ళతో, చివరికి తలతో. అప్పుడు మానిటర్ కంటబడింది.

మానిటర్‌లో పైలట్ నిబ్బరంగా కూర్చున్నాడు. నెమ్మదిగా చెయ్యెత్తి బొటనవేలు చూపించాడు.

రవిచంద్ర చప్పట్లు కొట్టాడు. మోటారు దగ్గరున్నవాడికి ఒక వేలు ఎత్తి చూపించాడు. ఇంకొక్క టేకు. మూల ఎవరో గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించారు. జాకీలు ముక్కును మళ్ళీ పైకెత్తడం మొదలుపెట్టాయి.

బెన్‌హర్ రెండు చేతులూ అద్దం మీదే ఉన్నాయి, గ్లౌజులతో. మానిటర్‌లో లేచిన చేతికి గ్లౌజు లేదు. మోచేతి దాకా ఇసక.