లేపే పాటకు హద్దు

డిసెంబరులో వచ్చే తమ దేశపు స్వాతంత్ర్య దినం కదా, ఊరంతా కిటికీల్లో రెండేసి కొవ్వొత్తులు వెలిగించుకుని ఇళ్ళలో వెచ్చగా కూర్చుంది. హిల్కా ఒక్కతే ఆఫీసులో కూర్చుని బార్డ్‌తో కుస్తీ పడుతోంది. ఉత్తరాన మంచుదేశంలో ఔలు అనే ఊరి రేవులోని పాత గిడ్డంగి అది. మూడో అంతస్తు కిటికీలోంచి గడ్డకట్టిన సముద్రం కనిపిస్తుంది, వెలుతురుంటే. డిసెంబరులో వెలుతురెక్కడిది? మధ్యాహ్నం కాఫీ చల్లారేలోపే చీకటి పడిపోయింది.

వాళ్ళు నడిపే ఆన్‌లైన్ ఆట పేరు ‘ఏడు దీవులు’. అందులో కత్తివీరుడు, విలుకాడు, మంత్రగాడు అందరూ బుద్ధిమంతులే. తంటా అంతా పాటలు పాడే ఈ బార్డ్‌తోనే. వాడి దగ్గర ‘లేపే పాట’ అని ఒక విద్య ఉంది. యుద్ధంలో పడిపోయినవాళ్ళకి ఆ పాట వినపడితే చాలు, తెర పక్కనున్న ప్రాణం గీత కొంచెం కొంచెంగా నిండుతుంది. నిండాక లేచి నిలబడతారు. మధ్యలో పాట ఆగితే మళ్ళీ కూలిపోతారు, ఇక లేవరు.

వాడు బండ చాటున నిలబడి పాడుతూనే ఉంటే ఎదుటివాళ్ళు ఎంతమందిని పడగొట్టినా ఏం లాభం? ఇదేం ఆట అని ఒక పక్క గోల. సరేనని పాట బలం తగ్గిస్తే, మమ్మల్ని బిచ్చగాళ్ళని చేశారని బార్డ్ ఆడేవాళ్ళ గోల. పెంచితే తిట్లు, తగ్గిస్తే శాపనార్థాలు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నెల రోజులుగా హిల్కా బతుకు ఇదే.

ఫోను మోగింది. యజమాని ఓస్మో.

“ఏమైంది? తెగిందా, తెగలేదా?”

“తెగుతోంది. పండగపూట కూడా నన్ను బతకనివ్వవా?”

“హిల్కా, నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఈ సాయంత్రానికి తూకం కుదిరితే సరే. లేదంటే బార్డ్‌ని ఆటలోంచి పీకేస్తా. పాటలూ గీటలూ అన్నీ.”

“వాటిలో ఉన్నది ఎవరి గొంతో నీకు తెలీదూ?”

“తెలుసమ్మా,” అన్నాడు మెల్లగా. “చిన్నప్పుడు మా అమ్మనీ ఆ సముద్రమే మింగింది. అందుకే ఇన్నాళ్ళు ఆగాను.”

ఆ గొంతు హిల్కా అన్నయ్య ఔలిస్‌ది. బార్డ్ పాటలన్నీ అతనే పాడాడు, ఈ గదిలోనే, ఆ పక్క కుర్చీలోనే. కిందటి చలికాలం చేపల వేటకని సముద్రపు మంచు మీదికి వెళ్ళాడు. మంచు విరిగింది. గజ ఈతగాళ్ళు వెతికారు, శవం కూడా దొరకలేదు. అతని గొంతు ఇప్పుడు ఈ ఆటలో తప్ప ఎక్కడా లేదు. దాన్ని కూడా పీకేస్తాడట! హిల్కాకి ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ఎక్కువ ఒళ్ళు మండింది.

“ఏడవండర్రా, అందరూ ఏడవండి,” అని కీబోర్డు మీద గుద్దింది. “ఇక మీ పాట ఎవడికీ వినపడదు. సరేనా?”

పాట ఎంత దూరం వినపడాలో రాసే గడిలో అంకె చెరిపేసి సున్నా పెట్టింది. మార్పును ఆఫీసువాళ్ళందరికీ ఉమ్మడిగా ఉండే చోట భద్రపరిచింది. తర్వాత అలవాటు ప్రకారం, ఎవరూ ఆడని ప్రయోగపు మైదానంలో నాలుగు దిష్టిబొమ్మల్ని పడగొట్టి, వాటి మధ్య బార్డ్‌ని నిలబెట్టి, పాడమంది.

ఔలిస్ గొంతు పైకి లేచింది. మెత్తగా, కొంచెం జీరగా.

ఒక్క బొమ్మ కూడా లేవకూడదు. నాలుగూ లేచి నిలబడ్డాయి.

“ఛీ! నా మతిమండ…” తల కొట్టుకుంది. ఈ ఆటలో ఆ గడిలో సున్నా పెడితే హద్దు లేదని అర్థం. ఆ నియమం పెట్టిందీ తనే, కొత్తవాళ్ళు మరిచిపోతే చీవాట్లు పెట్టేదీ తనే.

దిద్దబోయి ఆగింది. తెర పక్కన నాలుగు గీతలుండాలి. ఐదున్నాయి.

ఐదోదానికి పేరు లేదు. అది నెమ్మదిగా నిండుతోంది. పక్కన అది ఎంత దూరంలో ఉందో చూపే అంకె తగ్గుతోంది. మైదానమంతా తిప్పి చూసింది. ఎవరూ లేరు. అంకె మాత్రం ఇంకా తగ్గుతోంది…

కింద వీధి తలుపు కిర్రుమంది.

పండగపూట ఎవరు? మెట్ల మీద అడుగులు. బూట్ల నిండా నీళ్ళున్నట్టు చప్పుడు. ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. తలుపు సందులోంచి ఉప్పునీటి వాసన, నాచు వాసన, పాత చేపల వాసన వచ్చింది. తను కిటికీలో పెట్టుకున్న రెండు కొవ్వొత్తులూ రెపరెపలాడాయి.

అడుగులు తలుపు దగ్గర ఆగాయి.

“పిచ్చుకా…”

ఆ పేరుతో హిల్కాను పిలిచేవాడు ఒక్కడే.

“పిచ్చుకా… చలేస్తోందే. తలుపు తియ్యి.”

“అన్నయ్యా?”

“పాట ఆపకు… ఇంకొంచెమే…”

లేచింది. గడియ మీద చెయ్యి వేసింది. ఇనుము మంచుముద్దలా ఉంది. అన్నయ్య వచ్చాడు! మరి వేళ్ళెందుకు కదలవు? వెనక్కి తిరిగి తెర చూసింది. ఐదో గీత కింద ఆరోది. దాని కింద ఏడోది… ఎనిమిది… తెర అడుగు దాకా పేరులేని గీతలు. అన్నీ నిండుతున్నాయి. ఆ సముద్రం ఎన్ని వందల ఏళ్ళుగా ఎంతమందిని మింగిందో!

మెట్ల మీద మళ్ళీ అడుగులు. ఈసారి ఒకరివి కావు.

“వాళ్ళెవరు అన్నయ్యా?”

తలుపును గోళ్ళతో గీరుతున్న చప్పుడు.

“నన్ను క్షమించు,” అంది. పరుగున వెళ్ళి పాట ఆపేసింది.

బయట ధబ్బుమని ఏదో కూలింది. నీళ్ళు మెట్ల మీదుగా జారిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. హిల్కా నోట్లో చెయ్యి కుక్కుకుని ఏడ్చింది. అన్న రెండోసారి మునిగాడు, ఈసారి ముంచింది తనే.

ఫోను మోగింది.

“శభాష్!” ఓస్మో గొంతులో హుషారు. “నీ మార్పు చూశాను. సున్నా పెట్టావుగా, పీడా విరగడైంది. అప్పుడే ఆటలోకి వదిలేశా. పండగ కదా, లోకంలో ఉన్న బార్డ్‌లంతా ఇప్పుడు ఆడుతున్నారు. మా ఆవిడ కూడా పాడిస్తోంది, విను.”

ఫోనులో ఔలిస్ పాట.

“ఓస్మో! ఆపించు! వెంటనే అందరివీ…”

“ఆగాగు, ఎవరో తలుపు కొడుతున్నారు.”

“తియ్యకు! నీకు దణ్ణం పెడతా, తియ్యకు!”

గడియ తీసిన చప్పుడు. “అరే… నువ్వా?” అతని గొంతు ఒక్కసారిగా చిన్నపిల్లాడిదైపోయింది. “లోపలికి రా అమ్మా. అంతలా తడిసిపోయావేంటి?”

ఫోను కింద పడింది. పాట మాత్రం వినపడుతూనే ఉంది.

హిల్కా తెర వైపు తిరిగింది, ఎలాగైనా సున్నా చెరిపెయ్యాలని. గీతలన్నీ పోయాయి, ఆ ఐదోది తప్ప. పేరు లేనిది, పాట ఆగేలోపే నిండా నిండినది. దాని పక్కన దూరం, ఒక్క అడుగు.

తలుపు గడియ వేసే ఉంది. పక్క కుర్చీ మీంచి నీటిబొట్లు నేల మీద పడుతున్నాయి.