ముఖం గీయకూడని కన్ని

తమిళుల ఆడి నెలలో మూడో శుక్రవారం వచ్చిందంటే సౌందరానికి కాలు ఒకచోట నిలవదు. ఆ రోజు ఇంట్లో కన్నికి పూజ. ఏడాదంతా అటక మీద ఉండే చెక్కపెట్టెను దింపాలి. పోయిన ఏడు అందులో పెట్టిన పావడా, చొక్కా తీసి వీధిలో ఎవరి ఆడపిల్లకైనా ఇవ్వాలి. కొత్తవి మడిచి పెట్టాలి. పెట్టెలో ఉన్న ఇత్తడి చెంబును చింతపండుతో తోమి దీపం పక్కన నిలపాలి. ఇదంతా పొంగలి పొంగేలోపు అయిపోవాలి.

కన్ని అంటే ఆ వంశంలో పెళ్లి కాకముందే పోయిన ఒక చిన్నపిల్ల. ఆమే ఇంటికి దేవత. ఆమె గురించి అందరికీ తెలిసినవి రెండు మూడు ముక్కలే. పదేళ్ల వయసులో పూజకు నీళ్లు తేబోయి బావిలో పడింది. గంగమ్మ పిలుచుకుంది. పైకి తీసినప్పుడు చెంబు చేతిలోనే ఉంది. ఇవి కాక రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఆ పిల్ల పేరు పలకకూడదు, ముఖం ఎవరూ చూడకూడదు. ఫొటో లేదు, బొమ్మ లేదు. తప్పితే ఇంట్లో ఆడపిల్లకు కీడు. ముప్పై ఏళ్ల క్రితం అన్నూరు నుంచి కోడలిగా వచ్చిన సౌందరం అత్తగారి నోట మొదట విన్న మాటలు ఇవే.

కొత్త పావడా మీద అంగడివాళ్లు కుట్టిన చీటీ తీయడానికి కత్తెర కనిపించలేదు. కూతురి గదిలో ఉంటుందని మేడ ఎక్కింది. చారులత స్నానానికి వెళ్లింది. బల్ల మీద కత్తెర కింద కాగితాల కట్ట ఉంది. సౌందరం కత్తెర తీసింది, పై కాగితం చూసింది, అలాగే నిలబడిపోయింది.

కాగితం నిండా బావి. మెట్ల మీద ఒక పిల్ల. జరీ అంచు పావడా, చేతిలో చెంబు. ముఖంలో సగం కళ్లే ఉన్నాయి. ఆ కళ్లు తిన్నగా సౌందరాన్నే చూస్తున్నాయి.

చెంబు నడుము దగ్గర సొట్ట కూడా గీసి ఉంది. ఆ సొట్టను సౌందరం ముప్పైసార్లు తోమింది.

తల తుడుచుకుంటూ వచ్చిన చారులతకు అమ్మ ముఖం చూడగానే విషయం అర్థమైంది. ఇరవై ఆరేళ్ల పిల్ల. ఉద్యోగం మానేసి రెండేళ్లుగా ఆ గదిలో కూర్చుని బొమ్మలు గీస్తోంది. ఏం గీస్తున్నావంటే కథ అనేది. ఏం కథ అంటే నవ్వేది. తండ్రి సరే అని ఊరుకున్నాడు, తల్లి మొక్కులు మొక్కుకుంది.

"ఇది ఎవరు?" అంది సౌందరం.

"అమ్మా, నేనే చెప్దామని ఉంటిని."

"ఎవరని అడుగుతాండా."

"మన కన్నే."

సౌందరం కాగితాలన్నీ పమిట కింద దాచుకుని కిందికి దిగింది. ఎవరి కంట పడకుండా దాచాలని ఆమె ఉద్దేశం. కానీ దిగే వేగానికి కట్టలోంచి నాలుగు కాగితాలు జారి, హాలులో మంచం మీద ఎడమవైపు ఒత్తిగిలి పడుకున్న కోడలు కార్తీక ముందే పడ్డాయి. కార్తీకకు ఏడో నెల. రక్తపోటు ఎక్కువగా ఉందని డాక్టరమ్మ నెల రోజులుగా పడుకునే ఉండమంటోంది. మంచం పక్కన స్టూలు మీద బీపీ మిషను, పూట పూటకూ లెక్క రాసుకునే డైరీ.

"బాగుండాదే అత్తా, ఎవరీ పాప?" అంది కార్తీక కాగితం ఎత్తి.

"కింద పెట్టు. చూడవద్దు. కళ్లు మూసుకో."

గోల విని ముకుంద్ పెరటివైపు మగ్గాల షెడ్డులోంచి చెవుల్లో దూది తీసుకుంటూ వచ్చాడు. భార్య చెప్పింది విన్నాడు. కట్ట తీసుకుని అలవాటు లేని చేత్తో చివరి పేజీ తిప్పాడు.

"ఇది జపాన్ వాండ్ల బొమ్మల పుస్తకం మాదిరి ఉండాదే. వెనకనుంచి చదవాలంటారు గదా."

"వెనకనుంచి తీయవద్దప్పా. ఇది జపాన్‌లో చేసింది కాదు. గీసే పద్ధతి వాండ్లది, కథ నాది. మొదటి మాట నుంచి ఇంగ్లీషులోనే రాసినాను. మామూలుగా ముందునుంచే చదవాల."

"మన కన్ని కథ ఇంగ్లీషులో ఏమిటికి? మన మాటలో రాయకూడదా?"

"రాస్తే చదివేది ఎవరప్పా? నీకు తెలుగు అక్షరం తెలుసునా?"

ముకుంద్ చేతిలో కట్టను సర్దాడు. ఆ ఇంట్లో పుట్టుక నుంచి చావు దాకా తెలుగే. కానీ ఎన్ని తరాలుగానో అది నోట్లో మాత్రమే ఉంది. ఆయన బడిలో నేర్చింది తమిళం. కూతురికీ తెలుగు అక్షరాలు రావు. తన ఇంటి మాట తనకే చదవడం రాదని కూతురు గుర్తుచేస్తే ఎవరికైనా చురుక్కుమంటుంది.

"ఎప్పుడు వస్తాది ఇది?" అన్నాడు చివరికి.

"బెంగుళూరులో అచ్చు వేస్తాండారు. ఈ పొద్దు నాలుగు గంటలకల్లా నేను సరి అని రాసి పంపాల. పంపకపోతే ఈ ఏటి జాబితాలోంచి తీసేస్తారు. మళ్లీ ఎప్పుడో, అసలు వేస్తారో వేయరో."

గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. అందరూ దాన్నే చూశారు.

"ముఖం మార్చేయి," అన్నాడు ముకుంద్ రాజీగా. "పావడా రంగు మార్చు. చెంబు బదులు ఇంకేమైనా పెట్టు."

"రంగు మారిస్తే కన్నికి తెలియదా?" అంది సౌందరం. గొంతు పెరిగింది. "కడుపుతో ఉండే పిల్ల ఇంట్లో ఉండాది. పోయిన వారమే ఉమ్మనీళ్లు తగ్గిండాయని చెప్పినారు. లోపల ఉండేది ఆడబిడ్డ అయితే? రెండేళ్లు ఈ మేడ మీద ఆ ముఖం పెట్టుకుని కూర్చున్నావా చారూ? నాకు ఒక్క మాట చెప్పాలని తోచలేదా?"

"చెప్తే గీయనిచ్చేదానివా?"

ఇంతలో మిషను కుయ్‌మంది. ఈ గొడవలో కార్తీక తానే పట్టీ కట్టుకుని చూసుకుంటోంది. నూట యాభై ఆరు. పొద్దున నూట ముప్పై ఎనిమిది ఉండింది.

"చూసినావా," అంది సౌందరం, కుర్చీలో కూలబడి.

"మీరు ఇట్లా అరుస్తాంటే నాకు బీపీ ఎక్కక ఏమవుతాది అత్తా?" అంది కార్తీక. హాస్యానికి అన్నా ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చేయి పొట్ట మీద నుంచి తీయలేదు.

అది చూశాక చారులతకు వాదించే ఓపిక పోయింది. కన్ని కోపాన్ని ఆమె నమ్మదు. కానీ వదిన చేయి అలా పొట్టను పట్టుకుని ఉంటే నమ్మకం ఉన్నా లేకపోయినా భయం భయమే. ఇప్పుడు నిజంగా ఏదైనా జరిగితే? ఆ బొమ్మ వల్లేనని అమ్మ అంటుంది. జీవితాంతం అంటుంది. తానూ అనుకుంటుందేమో.

"అవ్వను అడుగుతాను," అంది. "అవ్వ వద్దంటే పంపను. సరియా? ఇంక ఎవరూ అరవవద్దు."

ముకుంద్ తల్లి రాజమ్మాళ్ పూజగదిలో పీట మీద కూర్చుని ఉంది. డెబ్బై తొమ్మిదేళ్లు, చెవి బాగానే వినిపిస్తుంది. హాలులో జరిగిందంతా ఆమెకు చేరిందనడానికి గుర్తు, కడుతున్న పూలదండ సగంలో ఆగిపోయి ఒడిలో ఉంది. ముందు చెక్కపెట్టె, ఇంకా మూత తీయలేదు.

చారులత కట్టను ఆమె ముందు పెట్టింది. చిన్నప్పుడు అవ్వ పక్కన పడుకుని ఒకసారి అడిగింది, కన్ని ఎట్లా ఉంటుందని. అవ్వ జవాబు చెప్పకుండా గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చారులత మరచిపోలేదు. చెప్పనంత మాత్రాన పిల్లలు ఊహించుకోవడం మానరు కదా. ఆ ఊహే పెరిగి పెరిగి నూట అరవై పేజీలు అయింది.

"నాకు ఇంగ్లీషు రాదే," అంది రాజమ్మాళ్.

"బావి దగ్గర మాటలు లేవవ్వా. పద్నాలుగు పేజీలు ఊరకే బొమ్మలే."

ముసలావిడ కళ్లద్దాలు పెట్టుకుంది. వేలు ఒక గడి నుంచి ఇంకో గడికి నడిచింది. గిలక. మెట్లు. పావడా అంచు తడవకుండా ఎత్తిపట్టుకున్న చిన్న చేయి. నీళ్లలోంచి పైకి లేచిన తెల్లటి రెండు చేతులు. వాటిని చూసి నవ్వుతున్న పిల్ల. గుమ్మం దగ్గర సౌందరం, ముకుంద్ నిలబడి ఉన్నారు. కార్తీక కూడా గోడ పట్టుకుని లేచి వచ్చింది, ఎవరూ వారించలేదు.

వేలు ఆగింది.

"ఈ చేతులు ఎవరివి?"

"గంగమ్మవి. పిలుస్తాండాది."

"ఎవరూ పిలవలేదు," అంది రాజమ్మాళ్. "నేను పంపినాను."

ఎవరికీ ఒక్కసారిగా అర్థం కాలేదు. ఆమె బొమ్మతోనే మాట్లాడుతున్నట్టు తల ఎత్తకుండా చెప్పింది.

"నాకు పదహారేండ్లు. కాపురానికి వచ్చి ఆరు నెలలు. నీళ్లు చేదుతా ఉంటే చెంబు చెయ్యి జారి బావిలో పడింది. రాతికి తగిలి సొట్టపోయింది, ఆ సద్దు నాకు ఇప్పటికీ వినిపిస్తాది. అది మా అత్తకు వాండ్లమ్మ ఇచ్చింది. ఇంట్లోకి ఎట్లా పోవాలని ఏడుస్తాంటే ఆ పిల్ల వచ్చింది. నా మొగుని చెల్లెలు. ఏడవవద్దు వదినా, అడుగు మెట్టు మీదే ఉండాది, నేను తెస్తా అనింది. నాకు ఈత రాదు, దానికీ రాదు. వద్దు అనాల గదా. అనలేదు. పో, జల్దీ తీసుకురా అన్నాను."

రాజమ్మాళ్ వేలు మెట్ల బొమ్మ మీదికి జరిగింది.

"చెంబు దొరికింది దానికి. ఎత్తి చూపించింది. అప్పుడు పాచి మీద కాలు జారింది." ఆమె కళ్లద్దాలు తీసి ఒడిలో పెట్టుకుంది. "పూజకు నీళ్లు తేబోయిందని, గంగమ్మ తీసుకుపోయిందని మా అత్తే అనుకునింది. నేను కాదనలేదు. అనుకుంటే ఆమెకు కొంచం నిమ్మళంగా ఉండింది."

"అమ్మా," అన్నాడు ముకుంద్.

రాజమ్మాళ్ పెట్టె దగ్గరికి జరుపుకుంది. మూత తీసి చెంబును దీపం పక్కన పెట్టి, పాత పావడా, దాని కింద గుడ్డ, దాని కింద ఇంకో గుడ్డ ఎత్తింది. అడుగున పసుపుబట్టలో చుట్టిన చిన్న ఫొటో. అంచులు పురుగు తిని ఉన్నాయి. స్టూడియోలో తెర ముందు నిలబడిన ఒక నల్లటి బక్కపిల్ల. చిన్న కళ్లు, నూనె కారుతున్న నుదురు, ముందుపన్ను సగం విరిగి ఉంది. చారులత గీసిన పిల్లకు, ఈ పిల్లకు ఏ పోలికా లేదు.

"ఇది గోడకే ఉండేది. మా అత్త దినామూ దాని ముందర నిలబడి మాట్లాడేది. ముకుంద్ పుట్టకముందే ఆమె పోయింది, అప్పుడు నేను తీసి అడుగున పెట్టినాను. కన్ని కలలో వచ్చింది, ముఖం చూపవద్దు, పేరు పలకవద్దు అనింది అని అందరికీ చెప్పినాను." రాజమ్మాళ్ మొదటిసారి తల ఎత్తి కోడలిని చూసింది. "కన్ని ఏమీ చెప్పలేదు సౌందరం. కలే రాలేదు. నేను చూడలేక చెప్పినాను."

సౌందరం ముఖం మొదట తెల్లబోయింది, తరువాత ఎర్రబడింది.

"ముప్పై ఏండ్లు అత్తా," అంది మెల్లగా. "చారు కడుపులో ఉండంగా ఆడపిల్ల అయితే ఏమవుతాదో అని నేను నిద్రపోలేదు. దానికి జ్వరం వస్తే ఎవరైనా పేరు పలికినారేమో అని ఇంట్లో అందరినీ అడిగేదాన్ని. ఈ పొద్దు కార్తీకను చూసి నా ప్రాణం పోయింది. ఇదంతా ఊరకేనా?"

"నా భయం మోయలేక నీ నెత్తిన పెట్టినాను. మన్నించు అనడానికి కూడా నోరు రాదు."

సౌందరం వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. వంటింట్లో గిన్నె ఎత్తిపెట్టిన చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో తడిగుడ్డ ఉంది. ఫొటో తీసుకుని, దుమ్ము తుడిచి, దీపం పక్కన చెంబుకు ఆనించి నిలబెట్టింది. బొట్టు పెట్టబోయి ఆగింది. ఏడుస్తోంది.

"పేరేమి అత్తా? పేరు తెలియకుండా ముప్పై ఏండ్లు పొంగలి పెట్టినాను."

"వెంకటమ్మాళ్," అంది రాజమ్మాళ్. అరవై మూడేళ్ల తరువాత ఆ పేరు ఆమె నోట రావడానికి ఒక ఊపిరి సరిపోయింది. ఆ తరువాత ఆమె చాలాసేపు ఏడ్చింది. కార్తీక పక్కన కూర్చుని ఆమె తల తన భుజానికి చేర్చుకుంది. ఇప్పుడు బీపీ చూడాలని ఎవరికీ గుర్తులేదు. పూజయ్యాక కార్తీకే చూసుకుంటే నూట ముప్పై నాలుగు ఉంది. డైరీలో రాసుకుంది.

మధ్యాహ్నం రెండున్నరకు చారులత బెంగుళూరుకు మెయిల్ రాసింది. పద్నాలుగు పేజీలు మళ్లీ గీయాలి, పిల్ల ముఖం మొత్తం పుస్తకంలో మార్చాలి, రెండు నెలలు ఇవ్వండి అని. నాలుగైంది. జవాబు రాలేదు. రెండేళ్ల పని గాల్లో ఉంది. కానీ పొద్దుటి పేజీలను సరి అని పంపడానికి ఇక ఆమెకు చేయి రాదు. అవి ఎవరో అందమైన పిల్లవి.

పెన్సిలు తీసుకుని పెరట్లోకి వచ్చింది. బట్టలు ఉతికే రాయి పక్కన రాజమ్మాళ్ నిలబడి ఉంది, రమ్మని కబురు పెట్టింది ఆమే.

"నన్ను కూడా పెట్టు ఆ పుస్తకంలో," అంది. "గట్టు మీద. పిల్ల ఒంటరిగా పోయినట్టు ఉండకూడదు."

"అందరూ చదువుతారవ్వా. నిన్ను ఏమనుకుంటారో."

"అనుకోనీ. ఉండేది ఉండేటట్టు గీయి."

ముకుంద్ మగ్గాలు ఆపి పెరటి గుమ్మంలో కూర్చున్నాడు. సౌందరం అత్తకు కుర్చీ తెచ్చింది, ఆమె కూర్చోలేదు. రెండు చేతులూ పక్కన వేలాడదీసి, కింద బావి ఉన్నట్టే నేలవైపు చూస్తూ నిలబడింది.

చారులత కాగితం మీద గీత మొదలుపెట్టి ఆపింది.

"కాలు జారినప్పుడు నువ్వు ఏం చేసినావవ్వా? చేయి చాపినావా, అరిచినావా? ఎట్లా గీయాల?"

రాజమ్మాళ్ కదలలేదు.

"ఏమీ చేయలేదు," అంది. "అదే గీయి."