మూడు జీడిపప్పుల గుర్తు

డిసెంబరు ఇరవై రెండో తేదీ సాయంత్రం, ఇందుకూరుపేటలో జకరయ్య బేకరీ ముందు వరసలో నిలబడ్డ వాళ్ళందరూ తమ తమ కేకులు అందుకుని సంతోషంగా ఇళ్ళకు పోతుంటే, ఒకే ఒక్క అమ్మాయి మాత్రం చేతికిచ్చిన ట్రేని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఇది మాది కాదు" అంది.

ఆ బేకరీలో క్రిస్మస్ ముందు వారం బన్నులూ బిస్కెట్లూ ఉండవు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కేకు పిండి ఇంట్లోనే కలుపుకుని, ట్రేలో పోసుకుని తెస్తారు. దాన్ని కట్టెల బట్టీలో కాల్చి ఇవ్వడమే పని. కాగితం మీద పేరు రాసి అంటిస్తే బట్టీలో కాలిపోతుంది గనక ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. పిండి పైన జీడిపప్పులతోనో ఎండు ద్రాక్షలతోనో పెట్టుకుంటారు. సమాధానం గారింటికి శిలువ, జయశీల టీచర్ ఇంటికి చుట్టూ ద్రాక్షలు, మైపాడు రెబెక్కమ్మ ఇంటికి వరసగా మూడు జీడిపప్పులు. అమ్మమ్మ పెట్టిన గుర్తే మనవరాలూ పెడుతుంది. గుర్తు లేని ఇల్లంటూ ఉంటే అది బేకరీ వాళ్ళదే. తమ ట్రే ఏదో తమకు తెలియదా అని వాళ్ళ ధీమా.

ట్రేని వాసన చూసిన అమ్మాయి రెబెక్కమ్మ కూతురు ఫేబీ. ఇచ్చినవాడు జకరయ్య కొడుకు సుశీల్ కుమార్. నిరుడు తండ్రికి కడుపు ఆపరేషన్ అయినప్పటి నుంచి బేకరీ అతనిదే.

మా మూడు జీడిపప్పులు ఏవని అడిగింది ఫేబీ. పిండి పల్చగా కలిపినారు, మునిగిపోయినాయి అన్నాడు సుశీల్. ఆ మాట నిజమే. కాకపోతే గుర్తు కనబడని ట్రేలు రెండు మిగిలాయి, రెండూ నల్లగానే ఉన్నాయి. వాటిలో అందంగా పొంగినదాన్ని ఆమె చేతిలో పెట్టి, రెండోది తమదని పక్కకు నెట్టాడు.

"మాది రాగి కేకు. తాటిబెల్లం వేసినాను. ఇది మైదా వాసన వస్తా ఉంది" అంది ఫేబీ.

సుశీల్ మూడు రోజులుగా బట్టీ వేడికి ఉడుకుతున్న మనిషి. నోరు అదుపు తప్పింది.

"రాగి పిండితో కేకేందండీ, సంగటి చేసుకోవాల గానీ. ఇంత బాగా పొంగిందని సంతోషపడి తీసుకుపోండి."

వరసంతా ఘొల్లుమని నవ్వింది. ఫేబీ నవ్వలేదు, ఏడవనూ లేదు. ట్రేని బల్ల మీద పెట్టేసి అతని వంక ఒక్క చూపు చూసింది. చున్నీ తలమీద కప్పుకుని, సన్నగా పడుతున్న వానలోకి నడిచి వెళ్ళిపోయింది. ఆ చూపు సుశీల్‌కు అన్నం కలుపుకుంటున్నా గుర్తొచ్చింది. కళ్ళు ఎంత పెద్దవో కూడా గుర్తొచ్చింది, అది వేరే సంగతి.

పక్కకు నెట్టిన ట్రేని ఇంటికి తీసుకొచ్చాడు. నలభై ఏళ్ళు మైదాతో బతికిన జకరయ్యకు ఆపరేషన్ తర్వాత మైదా తినరాదన్నారు డాక్టరు. మండలమంతటికీ కేకులు కాల్చే ఇంట్లో ఆయన క్రిస్మస్‌కు అటుకులు నములుతున్నాడు. అయినా చెయ్యి ఊరుకుంటుందా. కొస గిల్లి నాలిక మీద వేసుకున్నాడు. ఆగాడు. ఇంకొంచెం గిల్లాడు. కొడుకు స్నానం చేసి వచ్చేసరికి సగం ట్రే ఖాళీ.

నాయనా, నీకు మైదా పడదని మొత్తుకున్నాడు సుశీల్.

"మైదా యాడుందిరా ఇందులో? రాగులు, చక్రకేళి పండు, తాటిబెల్లం, కొబ్బరినూనె. ఎవరు చేసినార్రా దీన్ని? ఇన్నేళ్ళు బట్టీ ముందు కూచున్నా, నా బుర్రకి రాలేదు" అన్నాడు జకరయ్య. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

సుశీల్ చాకు తీసుకుని మిగతా సగం కోశాడు. అడుగున, ట్రేకి అంటుకుని, వరసగా మూడు జీడిపప్పులు కనబడ్డాయి.

మర్నాడు తోమిన ట్రే పట్టుకుని మైపాడు వెళ్ళాడు. రెబెక్కమ్మ వందనాలు చెప్పి కుర్చీ వేసింది. ఫేబీ రొయ్యల హేచరీ ల్యాబ్‌లో పనిచేస్తుంది, అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. సుశీల్ జరిగిందంతా దాచకుండా చెప్పి సారీ అన్నాడు.

"సారీ నాకెందుకండీ. ఏడాదిగా మా అమ్మకి మైదా అరగదు. ఆరుసార్లు చెడగొట్టి ఏడోసారికి కుదిరించినాను. అందరితో పాటు పండక్కి తను కూడా కేకు తినాలని" అని, ఖాళీ ట్రేని అందుకుంది. "మా అమ్మ ఇష్టంగా తినే కేకు మీ చేత్తో చేసి తెండి. బట్టీలో కాదు, మాబోటి వాళ్ళ ఇళ్ళల్లో ఉండే స్టవ్ మీద. అప్పటిదాకా నేను మీ బేకరీ గడప తొక్కను. ఇంట్లో కేకు కూడా చేయను."

మీ ఇద్దరి మధ్య నా నోరెందుకు కట్టేస్తావే అని వాపోయింది రెబెక్కమ్మ. కూతురు వినలేదు.

ఓస్ ఇంతేనా అనుకున్నాడు సుశీల్. పుట్టింది బేకరీలో, పెరిగింది బేకరీలో. బేకరీకి సెలవు గురువారం. మొదటి గురువారం తెచ్చిన కేకు అడుగు మాడి, పైన జావలా ఉంది. రెండో గురువారంది నడుమ గుంటపడింది. మూడోదాన్ని కోయడానికి రెబెక్కమ్మ కొబ్బరికాయ కొట్టే కత్తి తెచ్చింది. తల్లీకూతుళ్ళు మొహాలు అటు తిప్పుకుని నవ్వుకున్నారు. సుశీల్ చూడనట్టు నటించాడు.

మూడో వారానికి ఫేబీకే జాలేసింది. వంటింట్లోకి పిలిచి చూపించింది. పాత ప్రెషర్ కుక్కరు, రబ్బరూ విజిలూ తీసేసింది. అందులో సగానికి మైపాడు బీచ్ ఇసుక, ఉప్పు పోయేదాకా నాలుగు నీళ్ళు కడిగి ఎండబెట్టింది. ఇసుక వేడెక్కాక దానిమీద గిన్నె. రాగి పిండిని ముందుగా గంటసేపు మజ్జిగలో నానబెట్టాలంది, లేకపోతే రాయే. మంట సన్నగా ఉండాలంది. అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెప్పింది.

"ముప్పావు గంట మూత తీయబాకండి. మీకు బట్టీలోకి తొంగిచూసే అలవాటు. ఇది బట్టీ కాదు, చూస్తే అలుగుతుంది."

ఆమె దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ప్రతి పేజీకీ ఒక తేదీ, ఆ రోజు ఏం మార్చింది, ఎందుకు మార్చింది, ఏమైంది. వెన్న బదులు కొబ్బరినూనె, గుడ్డు బదులు మగ్గిన చక్రకేళి. కేకు ఒక్కటే కాదు. చేప ముక్కల మీద ఉడకబెట్టి మెదిపిన ఉర్లగడ్డ కప్పి కాల్చే ఇంగ్లీషు వంటకమేదో ఫోన్‌లో చూసిందట. దాన్ని అట్నే దింపుకుంటే చప్పగా ఏడ్చిందట. అందుకని మామిడికాయ వేసిన మన నెల్లూరు చేపల పులుసును ముద్దగా ఇగరబెట్టి, ఆ పైన ఉర్లగడ్డ కప్పి, ఇసుకలో పెట్టింది. ఆ గిన్నె మూత తీసిన రోజు సుశీల్ మెచ్చుకోవడం కూడా మరిచిపోయి తిన్నాడు. రెండోసారి వడ్డించమని అడగడం మాత్రం మరవలేదు.

బేకరీ వాడినని ఇన్నాళ్ళూ మీసం తిప్పింది దేన్ని చూసుకుని అనిపించింది అతనికి. నాన్న కట్టిన బట్టీ, నాన్న చెప్పిన కొలత. తనంతట తాను మార్చింది ఒక్కటీ లేదు. ఈ అమ్మాయి ఓ పాత కుక్కరు, కాస్త ఇసుక పెట్టుకుని, చెడిపోయిన ప్రతిసారీ ఎందుకు చెడిందో రాసుకుని, అమ్మ కోసం మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె నుదుటి చెమట చేతి వెనకవైపుతో తుడుచుకుంటూ పేజీలు తిప్పుతుంటే, అతను పేజీల వైపు చూడటం ఎప్పుడో మానేశాడు.

నాలుగో గురువారం పొద్దున, ఇంట్లో, కేకు కుదిరింది. కుదరడమంటే అట్టా ఇట్టా కాదు. జకరయ్య నిలబడే రెండు ముక్కలు తిన్నాడు.

దాన్ని పట్టుకుని మైపాడు పరుగెత్తాల్సిన సుశీల్ మంచం మీద కూలబడ్డాడు. ఇది ఇచ్చేస్తే ఆమె పంతం తీరిపోతుంది. పంతం తీరితే గురువారాలు ఉండవు. చాలాసేపు తలపట్టుకుని కూర్చుని, మంచి కేకు నాన్నకు వదిలేసి, ఇంకోటి చేశాడు. పావుగంటకోసారి మూత తీశాడు. అది చక్కగా చప్పిడి మొహం వేసుకుంది.

ఫేబీ దాన్ని చూసి మూత తీసినారా అంది. తీసినాను అన్నాడు. ఆమె నిట్టూర్చి, నోటుబుక్కు తెరిచి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. అతను ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాడు. ఇట్లా ఐదు వారాలు గడిచాయి. పాపం రెబెక్కమ్మ ఆ ముద్ద కేకును టీలో ముంచుకుని, బాగానే ఉందిలే నాయనా అంటూ తింది.

మార్చి మొదట్లో రెబెక్కమ్మ ఇందుకూరుపేట డాక్టరు దగ్గరికి వచ్చి, సుశీల్ వదిలేసిపోయిన గిన్నెలు ఇచ్చిపోదామని బేకరీకి వెళ్ళింది. సుశీల్ లేడు. గల్లా దగ్గర జకరయ్య ఉన్నాడు. వందనాలు చెప్పుకున్నాక, మైదా లేదమ్మా తినండి, మా వాడు నెల నుంచి వారం వారం చేసి పెడతా ఉన్నాడు అంటూ ఒక ముక్క ఇచ్చాడు. ఆమె తింది. ఇంకో ముక్క అడిగి కాగితంలో చుట్టించుకుంది.

ఆ సాయంత్రమే బేకరీ ముందు స్కూటీ ఆగింది. బన్నుల కోసం పది మంది నిలబడి ఉన్నారు. ఫేబీ వాళ్ళను దాటుకుని, గడప దాటి లోపలికొచ్చి, కాగితం పొట్లం బల్ల మీద పెట్టింది.

"మీరు చేసిన కేకు మా అమ్మ ఇష్టంగా తిన్నది. అందుకే గడప తొక్కినాను. ఎన్నాళ్ళ నుంచి కుదురుతా ఉంది?"

"ఐదు వారాలు."

"కావాలనే మూత తీసినారా?"

"కావాలనే."

"ఎందుకు?"

ఈ ప్రశ్నకు సుశీల్ అద్దం ముందు ఎన్ని జవాబులు నేర్చుకున్నాడో. అవన్నీ పక్కన పెట్టేశాడు.

"కుదిరిందంటే మీ ఇంటికి రావడానికి నాకు సాకు లేదు. మీరు చెప్తా ఉంటే వినడం ఇష్టం. మీరంటే నాకు చానా ఇష్టం ఫేబీ గారూ."

ఫేబీ కళ్ళు దించుకుంది. మళ్ళీ ఎత్తినప్పుడు వాటిలో కోపం అట్నే ఉంది.

"డిసెంబరులో జరిగింది పొరపాటు. ఇది పొరపాటు కాదు. మీ ఇష్టం కోసం మా అమ్మ ఐదు వారాలు ముద్ద తిన్నది."

ఆ మాట సూటిగా తగిలింది. సుశీల్ బన్నుల ట్రే కింద పెట్టి, వరస వైపు తిరిగాడు.

"క్రిస్మస్‌కి ఈమె తెచ్చిన రాగి కేకుని చూసి సంగటి చేసుకోమన్నాను. మీలో కొంతమంది నవ్వినారు కూడా. అది మారిపోయి మా ఇంటికొచ్చింది. ఏడాదిగా ఏమీ సయించని మా నాయన ఆ పూట కడుపునిండా తిన్నాడు. ఈ బేకరీలో నేను కాల్చిందేదీ దాని కాలిగోటికి చాలదు. తెలియక వాగినాను" అని ఆమె వైపు తిరిగాడు. "రెండో తప్పు తెలిసే చేసినాను. అది మీ అమ్మగారి దగ్గరే ఒప్పుకుంటాను."

ఎవరూ నవ్వలేదు. ఫేబీ బయటికి వెళ్ళిపోయింది. కాకపోతే స్కూటీకి తాళం పెట్టడానికి ఆమెకు మామూలు కంటే ఎక్కువసేపే పట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక తండ్రీకొడుకులు మైపాడు వెళ్ళారు. సుశీల్ చేతిలో మూత పెట్టిన ట్రే. రెబెక్కమ్మ ముందు నిలబడి తన ఐదు వారాల మోసం చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె సగంలోనే చెయ్యి ఎత్తింది.

"రెండో వారమే అనుకున్నాలే నాయనా. బేకరీ వాడు అన్నిసార్లు మూత తీస్తాడా?"

ఫేబీ విస్తుపోయింది. తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదని తల్లిని నిలదీసింది.

"ఏం చెప్పేదే? గురువారం వస్తే చాలు, నువ్వు మూడు చున్నీలు మార్చి చూసుకుంటా ఉన్నావు. రెండు వారాలు టీలో ముంచుకుంటే నాకేం పోయిందిలే అనుకున్నా. అది ఐదు అయింది."

ఫేబీ మొహం దాచుకోవడానికి వంటింటి వైపు తిరిగింది గానీ దారిలో సుశీల్ ఉన్నాడు. పక్కకు జరగాలని అతనికి తోచలేదు. ఆమె గోడ వైపు తిరిగింది.

జకరయ్య కొడుకు చేతిలోని ట్రే మూత తీశాడు. రాగి కేకు నున్నగా పొంగి ఉంది. పైన వరసగా మూడు జీడిపప్పులు, ఒక్కటీ మునగలేదు. పొడి పిండిలో దొర్లించి పెట్టినానని సుశీల్ నెమ్మదిగా చెప్పాడు. ఫేబీ గోడ వైపు నుంచే ఓరగా చూసి, అది నా నోటుబుక్కులో లేదే అంది.

"అమ్మా రెబెక్కమ్మా, మండలంలో అందరిళ్ళకీ గుర్తులున్నాయి. మా ఇంటికి లేదు. లేకపోబట్టే డిసెంబరులో ఆ తప్పు జరిగింది" అన్నాడు జకరయ్య. "మీకు సమ్మతమైతే, అమ్మాయికి ఇష్టమైతే, ఈ మూడు జీడిపప్పులు మా ఇంటి గుర్తు కూడా చేసుకుంటాం."

రెబెక్కమ్మకు కళ్ళు నిండాయి. కొంగుతో అద్దుకుంటూనే నవ్వింది.

"రెండిళ్ళకీ ఒకటే గుర్తయితే మళ్ళా ట్రేలు మారిపోతాయి గదన్నా?"

"మారిపోతే యాడికి పోతాదమ్మా, మన ఇంట్లోనే గదా."

అందరూ ఫేబీ వైపు చూశారు. ఆమె గోడను వదిలి వచ్చి, ట్రే ముందు కూర్చుని, చాకు అందుకుంది. మొదటి ముక్క అమ్మకు ఇచ్చింది, రెండోది జకరయ్యకు. మూడో ముక్క సుశీల్ చేతిలో పెడుతూ అతని కళ్ళల్లోకి నేరుగా చూసింది.

"ఈయనకి వదిలిపెడితే మళ్ళా ట్రేలు మార్చేస్తాడు మామయ్యా. ఈ డిసెంబరుకి బట్టీ దగ్గర నేనే నిలబడతాను."