పదమూడో భాగంలో జీడిపిక్కల వాసన

“కదలకండి. కెప్టెన్ నౌక తలుపు దగ్గరికి వచ్చాడు” అంది డాక్టర్ షమీమ్.

తవిటినాయుడు కదల్లేదు. కదలడానికి వీలూ లేదు. గుండు గీయించుకున్న నెత్తి మీద నూట ఇరవై సెన్సర్లున్న టోపీ బిగించి, గడ్డం కింద పట్టీ వేశారు. ఎదురుగా గోడంత తెర. యాభై తొమ్మిదేళ్ల కిందట అతని ఎనిమిదేళ్ల కళ్లు చూసిన బొమ్మ, వాన పడుతున్న బస్సు అద్దంలోంచి చూసినట్టు, ఆ తెర మీద వణుకుతూ కనిపిస్తోంది. అట్టతో చేసిన అంతరిక్ష నౌక. వెండి కాగితం అతికించిన తలుపు. తలుపు ముందు కెప్టెన్ ప్రభంజన్. కింద ఇసుకలో, ఒక చక్రం ఊడిపోయి, మంచినీళ్ల బుంగంత ఉన్న రోబో. దాని పేరు కూడా బుంగే.

“ఇప్పుడు చూడండి డాక్టరమ్మా. వెనక్కొస్తాడు” అన్నాడు తవిటినాయుడు, పట్టీ వల్ల పళ్లు విడదీయకుండానే.

దీని కోసమే అతను పలాస నుంచి విశాఖపట్నం వచ్చాడు. రావడమంటే మామూలుగా రావడం కాదు, పందెం కాసి వచ్చాడు.

1992లో టీవీలో ఆదివారం సాయంత్రాలు ‘ఆకాశ గస్తీ’ అనే సీరియల్ వచ్చేది. ఇరవై ఆరు భాగాలు. ఆ టేపుల్ని తర్వాత ఎవరో చెరిపేసి, వాటి మీదే వేరే కార్యక్రమాలు రికార్డు చేసుకున్నారు. అలా ‘ఆకాశ గస్తీ’ చూసినవాళ్ల బుర్రల్లో తప్ప ఇంకెక్కడా లేకుండా పోయింది. ఇప్పుడు 2051లో ఒక కంపెనీ, పాత స్క్రిప్టు కాగితాలు దొరికాయంటూ అదే కథను ఎనిమిది పెద్ద భాగాలుగా కలిపి కొత్త సిరీస్‌గా తీసింది. బోలెడు ఖర్చు పెట్టింది. శనిగ్రహం వలయాల్లో ఒక్కో రాయినీ లెక్కపెట్టేంత స్పష్టంగా చూపించింది. అయిదో భాగంలో, అంటే పాత పదమూడో భాగం కథ వచ్చే చోట, చక్రం ఊడిన బుంగను శనిగ్రహం చందమామ మీద వదిలేసి, కెప్టెన్ ప్రభంజన్ తలుపు మూసుకుని వెళ్లిపోయాడు.

తలుపు మూసుకోగానే తవిటినాయుడు టీవీ కట్టేశాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ పెట్టనివ్వలేదు. ఆ ఇంట్లో టీవీ అతని గొంతుకే తెరుచుకుంటుంది. అతని అప్ప, అంటే అక్క, అసిరమ్మ, డెబ్బై మూడేళ్ల మనిషి, “బాగానే ఉందిరా తవుడూ, ఆఖరిదాకా చూడనీ” అని ఎన్నిసార్లు అడిగినా వినలేదు. నీకు ‘ఆకాశ గస్తీ’ గురించి ఏం తెలుసని కసిరాడు. మా కెప్టెన్ ఎవర్నీ వదిలిపెట్టి పోయేవాడు కాదన్నాడు.

అనడంతో ఆగలేదు. పగలు జీడిపిక్కల బట్టీలో పనిచేసి, సాయంత్రం దీపాలు పెట్టాక బడికి పోయి అక్షరాలు నేర్చుకున్న మనిషి అతను. కష్టపడి నేర్చుకున్నవి గనక ఊరికే ఉంచుకోడు. కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. పలాస, మందస, సోంపేట చుట్టుపక్కల పాత ప్రేక్షకుల్ని కూడగట్టి సంఘం పెట్టాడు. నాలుగు వందల పన్నెండు మంది చేరారు. అందరూ చెప్పింది ఒకటే. పదమూడో భాగంలో కెప్టెన్ వెనక్కొచ్చాడు, బుంగను భుజాన వేసుకుని తీసుకుపోయాడు.

కంపెనీ వాళ్లు చివరికి దిగొచ్చి ఒక ఒప్పందానికి సరేనన్నారు. డాక్టర్ షమీమ్ కొత్తగా కనిపెట్టిన మెమొరీ స్కానర్ కింద తవిటినాయుడు కూర్చోవాలి. పదమూడో భాగంలో కెప్టెన్ వెనక్కి రావడం అతను కళ్లతో చూసినట్టు తేలితే, కంపెనీ చివరి భాగాల్ని మళ్లీ తీస్తుంది. తేలకపోతే సంఘం ఎత్తేసి, ఇక ఫిర్యాదు చెయ్యనని అతను సంతకం పెట్టాలి. కాగితం చదివి, రెండు చోట్ల తప్పులు దిద్ది మరీ ఒప్పుకున్నాడు.

ఆ మెషీన్ సంగతి చెప్పాలంటే పెద్ద కష్టమేమీ కాదు. మనం ఒక దృశ్యం చూసినప్పుడు మెదడులో కొన్ని కణాలు వెలుగుతాయి. దాన్నే గుర్తుచేసుకున్నప్పుడు అవే కణాలు మసకగా మళ్లీ వెలుగుతాయి. ఆ వెలుగును టోపీ పట్టుకుంటుంది, కంప్యూటర్ దాన్ని బొమ్మగా, చప్పుడుగా మారుస్తుంది. అయితే మెదడు అన్నీ ఒకేచోట దాచదు. కంటితో చూసింది ఒకచోట, చెవితో విన్నది ఒకచోట, ముక్కుతో పీల్చింది ఇంకోచోట. అందుకని తెర కింద మూడు గీతలు నడుస్తుంటాయి. చూపుకి నీలం, శబ్దానికి ఎరుపు, వాసనకి పసుపు. మనిషి ఊహించుకున్నది మాత్రం తెర మీదికి రాదు. కళ్లతో చూసిందే వస్తుంది. డాక్టర్ షమీమ్ గొప్పంతా అక్కడే ఉంది.

తెర మీద వెండి కాగితం తలుపు సగం మూసుకుంది. బుంగ నెత్తిన ఎర్ర దీపం టపటపా కొట్టుకుంది.

తెర నల్లబడింది.

“డాక్టరమ్మా, మీ మెషీన్‌కి కరెంటు పోయినట్టుంది” అన్నాడు తవిటినాయుడు.

డాక్టర్ షమీమ్ గీతల వైపు చూసింది. నీలం గీత నేలకంటుకుంది. ఎరుపు గీత మాత్రం గెంతుతోంది. మరో రెండు క్షణాలు చూసి నెమ్మదిగా చెప్పింది.

“మా మెషీన్‌కి కాదు నాయుడుగారూ. మీ ఊరికి పోయింది.”

అతనికి మొదట అర్థం కాలేదు. నల్లటి తెరలోంచి పిల్లల గోల వినిపించింది. పంచాయతీ ఆఫీసు వరండాలో చాప మీద కూర్చున్న పిల్లలు ఒక్కసారిగా ఉసూరుమన్న చప్పుడు. ఎవడో వెక్కుతున్నాడు. ఆ వెక్కడం తనదేనని తవిటినాయుడికి తెలిసింది. ఆ ఏడే అమ్మ పోయింది. ఆ ఏడు అతను దేనికైనా వెక్కేవాడు.

అప్పుడు చీకట్లో ఒక గొంతు లేచింది. ఆడపిల్ల గొంతు.

“ఎందుకురా ఏడుస్తావు, తలుపింకా పూర్తిగా ముయ్యలేదు. కెప్టెన్ వెనక్కి తిరిగినాడు. దిగినాడు. ఇసకలో మోకాళ్ల దాకా కూరుకుపోతన్నా నడిసినాడు...”

గొంతు అలా సాగిపోయింది. కెప్టెన్ బుంగను భుజాన వేసుకున్నాడు. గాలి సరిపోకపోతే తన గొట్టం తీసి దానికి పెట్టాడు. రోబోకి గాలెందుకే అని ఒక పిల్లాడు అడిగాడు. దానికవసరం లేదు, కెప్టెన్‌కి ఆ సంగతి ఆలోచించే తీరిక లేదు, నోరు ముయ్యి అంది గొంతు. చీకట్లో పిల్లలు నవ్వారు.

డాక్టర్ షమీమ్ కూడా నవ్వబోయి పసుపు గీత చూసి ఆగింది. అది నిట్టనిలువుగా లేచి ఉంది.

“ఈ గీత ప్రకారం ఇక్కడ కాల్చిన జీడిపిక్కల వాసన ఉంది. అంతరిక్ష నౌకలో జీడిపిక్కలు కాలుస్తారా, నాయుడుగారూ?”

పద్నాలుగేళ్ల వయసులో అప్ప బట్టీలో పిక్కలు కాల్చేది. జుట్టూ లంగా ఓణీ అంతా ఆ పొగ వాసనే. జీడి రసానికి వేళ్లు నల్లగా కమిలి ఉండేవి. కెప్టెన్ ప్రభంజన్‌ని తల్చుకున్నప్పుడల్లా తన ముక్కుకి ఏదో కమ్మగా కాలిన వాసన తగులుతుందని, అది రాకెట్ ఇంధనం వాసన అయి ఉంటుందని, అతను సంఘం మీటింగుల్లో ఎన్నోసార్లు చెప్పాడు.

డాక్టర్ షమీమ్ టోపీ విప్పుతూ మిగతాది చెప్పింది. ఈ నెలలో ముప్పై మంది పాత ప్రేక్షకులు ఈ కుర్చీలో కూర్చున్నారు. కరెంటు పోని ఊళ్లలో కెప్టెన్ బుంగను వదిలేసే వెళ్లిపోయాడు. కరెంటు పోయిన ఊళ్లలో ఊరికో కథ. ఒకచోట బుంగ తనే ఎగురుకుంటూ వచ్చింది. మరొకచోట కెప్టెన్‌ని పాము కరిచింది. పలాస పిల్లలు మాత్రం విన్న కథను బళ్లోనూ బట్టీల్లోనూ ఒకరికొకరు చెప్పుకుని, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అదే అసలు కథగా నిలబెట్టారు. కొత్త సిరీస్ తీసినవాళ్లు స్క్రిప్టును అక్షరం మార్చకుండా తీశారు. వాళ్ల తప్పేమీ లేదు.

ఆమె అతని ముఖం చూసింది. ఆ తర్వాత, ఫలితం స్పష్టంగా రాలేదని రిపోర్టులో రాయగలనని, మెషీన్లకి అప్పుడప్పుడూ అలా అవుతుందని మెల్లగా అంది.

“వద్దమ్మా. మాటిచ్చినాను. కాగితం ఇలా తే” అన్నాడు తవిటినాయుడు.

సంతకం పెట్టాడు. ఎప్పటిలాగే పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

రైల్లో పలాస దాకా కిటికీ పక్కనే కూర్చున్నా బయటికి చూడలేదు. నాలుగు వందల పన్నెండు మందికి ఏం చెప్పాలన్నది ఒక బాధ. దాన్ని మించిన బాధ ఇంకొకటుంది. ఇన్ని వారాలుగా నీకేం తెలుసని తను కసిరింది ఎవర్నో ఇప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. అసిరమ్మ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఇన్నేళ్లయినా వేళ్ల చివర నలుపు పోలేదు. ఏటయింది అని కళ్లతోనే అడిగింది. అతను ఆమె పక్కన కూర్చుని మెషీన్ సంగతి, తెర నల్లబడిన సంగతి, గొంతు సంగతి అంతా చెప్పాడు. ఆమె చేట ఆపకుండా వింది.

“ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు అప్పా? అది నువ్వు చెప్పిన కథే గదా.”

“నువ్వు ఏడుపాపకపోతే ఇంటికెలా తీసుకెళ్లను? అందుకని ఏదో చెప్పినాను. తర్వాత నువ్వే టీవీలో చూసినాను, చూసినాను అని ఊరంతా తిరిగితే, అవునేమో అనుకుని ఊరుకున్నాను.”

“మరి కొత్తది నీకెలా నచ్చింది? కెప్టెన్ వదిలేసి పోతే బాగానే ఉందన్నావు.”

“ఎక్కడ చూడనిచ్చావురా? అప్పుడు తలుపు ముయ్యబోతే కరెంటు పోయింది, ఆ దెబ్బకి పంచాయతీ టీవీ కూడా కాలిపోయింది. ఇప్పుడు తలుపు ముయ్యగానే నువ్వు కట్టేశావు. మీ అందరికీ ఆఖరుండాది. నాకే లేదు. అసలేటయిందో అరవై ఏళ్లుగా నాకు తెలీదు.”

తవిటినాయుడు లేచి లోపలికి వెళ్లాడు. టీవీని పిలిచి అయిదో భాగం పెట్టమన్నాడు. అప్పకి కుర్చీ జరిపి, తను కింద చాప మీద కూర్చున్నాడు.

తలుపు మూసుకుంది. అతను పళ్ల బిగువున ఊరుకున్నాడు. నౌక లేచిపోయింది. బుంగ ఒంటరిగా ఇసుకలో కూర్చుంది. కెమెరా చాలాసేపు దాన్ని చూపించింది. నెత్తి మీద దీపం టపటపా కొట్టుకుని, నెమ్మదించి, ఆరిపోయింది. పేర్లు పడ్డాయి. ఆరు, ఏడు, ఎనిమిది భాగాల్లో కూడా కెప్టెన్ ఎక్కడెక్కడికో పోయాడు గానీ, ఆ చందమామ పేరైనా ఎత్తలేదు. బయట వెలుగు తగ్గుతుంటే అసిరమ్మ కళ్లు చికిలించి చూసింది గానీ లేవలేదు.

ఎనిమిదోది అయింది. అదే ఆఖరిది.

“ఇదేనా” అంది అసిరమ్మ.

“ఇదే అప్పా. మొదట్నించీ ఇదేనట.”

“అంత దూరం తీసుకెళ్లి చక్రం ఊడిందని వదిలేస్తాడేటి? ఆ మనిషి కెప్టెనేటి? కాయితం తే.”

“నేనింక ఫిర్యాదు చెయ్యకూడదు. సంతకం పెట్టొచ్చాను గదా.”

“సంతకం నువ్వెట్టావు. నేనెట్టలేదు గదా. నాకు రాయడం రాదు, నీకొచ్చు. నేను చెప్తాను, నువ్వు రాయి. కింద నా వేలిముద్ర ఏస్తాను.”

ఒప్పందం కాగితాన్ని తవిటినాయుడు మనసులోనే మొదట్నుంచి చివరిదాకా మళ్లీ చదువుకున్నాడు. అందులో అసిరమ్మ పేరు ఎక్కడా లేదు. కాగితం, కలం తెచ్చుకుని మళ్లీ చాప మీదే కూర్చున్నాడు. పైన ‘అయ్యా’ అని రాసి, దాని కింద, టీవీలో చివర్న పేర్లు పడినట్టు, ‘కథ: అసిరమ్మ, పలాస’ అని రాశాడు.

ఆమె కళ్లు మూసుకుంది.

“తలుపింకా పూర్తిగా ముయ్యలేదు” అంది. అతను రాశాడు. కెప్టెన్ వెనక్కి తిరిగినాడు, దిగినాడు, ఇసకలో మోకాళ్ల దాకా కూరుకుపోతన్నా నడిసినాడు. అన్నీ రాశాడు. అక్కడ ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

ప్రతి మాటా అరవై ఏళ్లుగా కంఠతా వచ్చినవాడే. అయినా కలం ఎత్తి, తల పైకెత్తి అడిగాడు.

“తర్వాత ఏటయింది, అప్పా?”