తొమ్మిది పాటలు, ఒక్క చెవి

శుక్రవారం సాయంత్రం 4.50కీ 5.10కీ మధ్య హార్డ్ డిస్కు పోయింది. ఫిర్యాదులో అలా రాసి ఉంది.

ఇన్‌స్పెక్టర్ 5.40కల్లా స్టూడియో మెట్లెక్కింది. స్టేషన్లో అందరూ ఆమెను చాటుగా గడియారం మేడమ్ అంటారు. ఎవరేం చెప్పబోయినా "ఎన్నింటికి?" అని అడ్డు తగులుతుంది కాబట్టి. ఆ పేరు సంగతి ఆమెకు తెలుసు. తెలియనట్టు ఉండటమే హాయి అని ఊరుకుంది. సంగీతానికీ ఆమెకూ మాత్రం ఆమడ దూరం.

స్టూడియో అంటే మరీ గొప్పగా ఊహించుకోనక్కర్లేదు. మేడమీద రెండు గదులు. గోడలకు స్పాంజి, నేలకు తివాచీ. నీలం రంగు తలుపుకి బయటివైపు, గొళ్ళెం కూడా కనపడకుండా, మందపాటి బొంత వేలాడదీశారు. కింద పళ్ళ డాక్టరు క్లినిక్ ఉంది. స్టూడియోకి పట్టిన శని అదే. డాక్టరు పది నుంచి ఒంటిగంట దాకా, మళ్ళీ ఐదు నుంచి ఎనిమిది దాకా ఉంటాడు. ఆయన ఉన్నంతసేపూ కంప్రెసర్ మోత, డ్రిల్లు రొద. అందుకని పదకొండేళ్ళుగా ఇక్కడ పాటలు మధ్యాహ్నం 1.15కీ 4.45కీ మధ్యనే పుడుతున్నాయి.

ఇప్పుడు బొంత పక్కకి తొలగి ఉంది. గొళ్ళెం స్క్రూలతో సహా ఊడివచ్చి తాళానికి వేలాడుతోంది. చుట్టూ చెక్క చీలిపోయింది.

రికార్డిస్టు స్టూల్ మీద ముడుచుకుని కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. మెడలో హెడ్‌ఫోన్ తియ్యడం కూడా మర్చిపోయాడు.

"డిస్కు ఆఖరిసారి ఎన్నింటికి చూశారు?"

"4.40కండి. పాటలు పాడే టీచర్ రికార్డింగ్ అయిపోయింది. టేబుల్ మీదే ఉంది."

"తర్వాత?"

"అందరూ వెళ్ళిపోయారు. 4.50కి తాళం వేసి టీకి దిగాను. 5.10కి వచ్చేసరికి ఇదీ వరస."

"ఇంకో కాపీ ఉందా?"

"లేదండి."

ఇన్‌స్పెక్టర్ గది చుట్టూ చూసింది. రెండు మంచి మైకులు, కొత్త హెడ్‌ఫోన్లు, కంప్యూటర్ అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. దొంగకి కావాల్సింది పాటలే అన్నమాట.

ఆరింటికి ఆ పాటలు కట్టిన మనిషి వచ్చాడు. వెనకే భార్య. ఆయన్ని చూడగానే ఇన్‌స్పెక్టర్ గుర్తుపట్టింది. నీళ్ళ మీటర్లు చూసే ఆయన. వీధిలో అందరూ మీటరాయన అంటారు. ప్రతి నెలా ఆమె ఇంటి గేటు దగ్గర వంగి అంకెలు రాసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తాడు. పొద్దున్నే ఇదేం గోల అని ఆమె ఎన్నిసార్లు విసుక్కుందో లెక్కలేదు.

భార్య ఆయనకి ఎడమవైపు కూర్చుంది. అడిగినవన్నీ ఆ చెవిలో మళ్ళీ చెప్పింది. ఆయన కథంతా అలా ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది.

ఇరవై రెండేళ్ళలో తొమ్మిది పాటలు. పల్లవులు మీటరు స్లిప్పుల వెనక రాసుకునేవాడు. మొదట గిటార్ వాయించే స్నేహితుడు కలిశాడు. రెండు పాటలకు వరస కుదిరేలోగా అతనికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. తర్వాత ఒకమ్మాయి పాడింది. పెళ్ళయి వెళ్ళిపోయింది. సగం పాటని ఉత్సాహం ఆపుకోలేక ఒకసారి చుట్టాల్లో వినిపిస్తే పగలబడి నవ్వారు. ఆ రోజునుంచీ పూర్తికాని పాట గడప దాటకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. కాపీ అడగడు, ఎవర్నీ తీసుకోనివ్వడు. చివరికి భార్య తమ్ముడు కీబోర్డు కొన్నాడు. అతని ద్వారా నర్సరీ స్కూలు టీచర్ గొంతు దొరికింది. ఇద్దరూ కలిసి ఆయన్ని ఈ మేడమీదికి తీసుకొచ్చారు. మొదటి పాటనుంచీ అన్నీ మళ్ళీ ఇక్కడే రికార్డు చేశారు. శుక్రవారంతో తొమ్మిదోది పూర్తయింది.

"ఎవరిమీదైనా అనుమానం ఉందా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. అసలు సంగతి భార్య చెప్పింది. కుడి చెవి మూడేళ్ళ కిందటే పోయింది. ఇప్పుడు ఎడమ చెవి వెనక గడ్డ. సోమవారం పొద్దున ఆపరేషన్. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆస్పత్రిలో చేరాలి. గడ్డ తీస్తే ప్రాణానికి ఢోకా లేదు. వినికిడి మాత్రం దక్కదని డాక్టర్లు తేల్చేశారు.

"మొన్న సోమవారమే ఈ సంగతి అందరికీ చెప్పారు. శనివారం ఇక్కడ కూర్చుని తొమ్మిదీ వరసగా ఒక్కసారి వింటానన్నారు. ఇరవై రెండేళ్ళుగా అదొక్కటే అడిగారు మేడమ్."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంది. శుక్రవారం 6.25. చేతిలో రెండు రోజులు కూడా లేవు. ఆ కూనిరాగం మీద తాను పడ్డ విసుగు గుర్తొచ్చి ఆమెకు నిజంగానే సిగ్గేసింది.

శనివారం పొద్దున్నే అనుమానం బావమరిది మీదికి వెళ్ళింది. వెళ్ళక ఏమవుతుంది? బుధవారం బావతో గొడవపడ్డాడు. పాటల సీడీ అట్ట మీద సంగీతం అన్నచోట తన పేరు కూడా ఉండాలన్నాడు. బావ సరేననేలోపే "ఈ పాటలు బయటికెలా వస్తాయో చూస్తా" అని కేకలేసి వెళ్ళాడు. రికార్డిస్టు ఆ ముక్క పూసగుచ్చినట్టు చెప్పాడు.

"శుక్రవారం ఎన్నింటికి వెళ్ళారు?"

"4.42."

"ఎక్కడికి?"

"బస్టాపుకి. 5.20కి బస్సొచ్చింది."

"మిమ్మల్ని చూసినవాళ్ళు?"

ఎవరూ లేరు. బయట బెంచీ మీద అతని అక్క కూర్చుని ఉంది. ఇన్‌స్పెక్టర్ బయటికి రాగానే లేచి నిలబడింది.

"మా తమ్ముడేనా మేడమ్? వాడైతే నాకు ముందే చెప్పెయ్యండి. ఆయనకి నేను చెప్పుకుంటాను."

ఇన్‌స్పెక్టర్ జీపెక్కింది.

టీచర్ ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉంది, కాలికి ప్లాస్టరు ముక్క. చెప్పాల్సింది చెప్పాక, ఆ రోజు మొదలే బాగాలేదని వాపోయింది. మెట్లెక్కి గుమ్మం బయట చెప్పులు విడవగానే అరికాల్లో ఏదో గుచ్చుకుందట. కింద క్లినిక్ మూసేస్తుంటే నర్సు చేతే తీయించుకుని వచ్చి పాడిందట.

ఇన్‌స్పెక్టర్ తలూపి ముందుకెళ్ళింది. ఆ మాట నోట్‌బుక్కులో రాసుకోలేదు. తర్వాత దానికి తనను తాను తిట్టుకుంది.

మధ్యాహ్నం 12.50కి క్లినిక్‌కి వెళ్ళింది. డ్రిల్లు మోతలో నర్సుతో మాట్లాడటం గగనమైంది. ఒంటిగంట కొట్టాక కంప్రెసర్ ఆగింది. చెవులకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"నిన్న సాయంత్రం ఎన్నింటికి తెరిచారు?"

"4.45కే వచ్చానండి. దూది ఉండలు చేసుకుంటూ కూర్చున్నా."

"ఐదింటికి మిషన్ వేశారుగా?"

"నిన్న లేదు. డాక్టర్ గారి బండి టైరు పంక్చరు. ఆయనొచ్చింది 5.25కి. అప్పటిదాకా వెయ్యలేదు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది.

"మరి పైన గొళ్ళెం పగలగొట్టిన చప్పుడు?"

"అదే నాకూ వింతగా ఉంది. పైనాయన దిగడం, మళ్ళీ ఎక్కడం వినిపించింది. ఇంకేం లేదు. చీమ చిటుక్కుమన్నా వినపడేదండి."

అంత చెక్క చీలిపోయిందంటే ఇనపకడ్డీ పెట్టి పెకలించాలి. భవనం మొత్తం మారుమోగాలి. నిశ్శబ్దంలో ఆ పని జరగలేదు. అంటే మోతలో జరిగింది. మోత ఉన్నది పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా.

అప్పుడు గుర్తొచ్చింది టీచర్ అరికాలు.

"టీచర్ కాల్లోంచి ఏం తీశారు? ఎన్నింటికి?"

"1.20కి. చెక్కపేడు. ఇంత పొడుగుంది."

"ఎక్కడ పడేశారు?"

నర్సు మొహమాటంగా చెత్తడబ్బా వైపు చూసింది. సోమవారానికి గానీ తీసుకెళ్ళరట. ఇద్దరూ గ్లవుజులు తొడుక్కున్నారు. ఊరి పళ్ళన్నీ తుడిచిన దూది మధ్య ఇన్‌స్పెక్టర్ పావుగంట వెతికింది. ముక్కు పగిలిపోతున్నా ఆగలేదు. 1.40కి దొరికింది. నెత్తురంటిన దూదిలో సన్నటి పేడు. ఒకవైపు నీలం రంగు.

గొళ్ళెం సాయంత్రం పగలలేదు. మధ్యాహ్నం 1.20కి ముందే పగిలింది. పాటవాళ్ళెవరూ రాని ఆ వేళ పైన ఉండేది ఒకే ఒక మనిషి. కానీ ఎందుకు? తన గొళ్ళెం తనే పగలగొట్టుకుని, ఇన్నాళ్ళ కష్టాన్ని దాచేసి ఆ మనిషి బావుకునేదేముంది?

ఆ సాయంత్రం ఆమె టీచర్‌కి, బావమరిదికి, మీటరాయన భార్యకి ఫోన్ చేసింది. ముగ్గుర్నీ ఒకటే అడిగింది. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది.

ఆదివారం పొద్దున 9.30. క్లినిక్‌కి సెలవు. స్టూడియోలో అందరూ ఉన్నారు. మీటరాయన గోడవారగా కూర్చున్నాడు. ఎడమవైపు భార్య. బావమరిది ఎవరి వంకా చూడటం లేదు. టీచర్ కుంటుతూ వచ్చి కూర్చుంది. రికార్డిస్టు కంప్యూటర్ దగ్గర నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ కవర్లోంచి పేడు తీసింది. తలుపు దగ్గరికెళ్ళి బొంత ఎత్తి, చీలిన చోట ఆనించింది. అచ్చంగా అతికింది. నీలం నీలంలో కలిసిపోయింది.

"ఇది శుక్రవారం 1.20కి టీచర్ గారి కాల్లోంచి వచ్చింది. దొంగతనం 5 గంటలకన్నారు. పగిలిన గొళ్ళేన్ని అదే కన్నాల్లో నిలబెట్టి, పైన బొంత కప్పేసి, మధ్యాహ్నమంతా దాని వెనకే రికార్డింగ్ చేశారు. 4.50కి చేత్తో లాగితే ఊడొచ్చింది. ఐదింటికి కింద మోత మొదలవుతుంది, చప్పుడు ఎందుకు వినపడలేదని ఎవరూ అడగరు అనుకున్నారు. పదకొండేళ్ళుగా మోత వేళలు చూసుకుని బతికిన మనిషికే వస్తుంది ఆ ఆలోచన. పాపం, డాక్టరు టైరు సంగతి మీకు తెలియదు."

రికార్డిస్టు కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు.

"ఎందుకో నిన్న సాయంత్రం తెలిసింది. పాత పాటలు ఆఖరిసారి ఎప్పుడు విన్నారని ముగ్గుర్నీ అడిగాను. ముగ్గురూ ఒకటే చెప్పారు. నాలుగు నెలల కిందట. తర్వాత ఎప్పుడడిగినా ఏదో ఒక సాకు. శుక్రవారం టీచర్ మొదటి పాట ఎత్తుగడ వినిపించమంటే, సిస్టమ్ స్లో అని కీబోర్డు మీద శ్రుతి ఇచ్చి సరిపెట్టారు." ఆమె గొంతు తగ్గింది. "శుక్రవారం ఇక్కడ దొంగతనం జరగలేదు. దొంగిలించడానికి ఎనిమిది పాటలు లేనే లేవు. అవునా?"

రికార్డిస్టు గోడ దగ్గరికి నడిచి ఒక స్పాంజి పలక ఊడదీశాడు. వెనకనుంచి డిస్కు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఇందులో తొమ్మిదోది ఒక్కటే ఉంది" అన్నాడు, నేలకేసి చూస్తూ. "మిగతావి నా చేత్తోనే పోయాయి. కొత్త డిస్కు అనుకుని నిండుదాన్ని ఫార్మాట్ కొట్టేశాను. ఎంతమంది దగ్గరికి తిరిగినా తిరిగి రాలేదు."

"ఎందుకు ఫార్మాట్ చేశారు?"

"రెండో కాపీ తీసిపెడదామని."

టీచర్ చేత్తో నోరు మూసుకుంది. అక్క తమ్ముడి వైపు చూసి కళ్ళు దించుకుంది.

మీటరాయన మాత్రం ఒక్కొక్కరి ముఖం వంకా చూస్తున్నాడు. ఆయనకేమీ వినపడలేదు. భార్య ఆయన చెవి దగ్గరికి వంగింది గానీ నోరు పెగల్లేదు. ఆయన రికార్డిస్టుని చెయ్యి చాచి పిలిచాడు. ఎడమ చెవి చూపించాడు.

"ఇటు వచ్చి చెప్పరా."

రికార్డిస్టు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ చెవికి ఆనుకుని మొదట్నుంచీ చెప్పాడు. వినపడేట్టు చెప్పాలంటే అరవాలి. అంత సిగ్గుపడే మాట అరిచి చెప్పాల్సి వచ్చింది అతనికి.

"భయమేసింది అన్నయ్యా. దొంగలెత్తుకుపోయారంటే దొంగని తిట్టుకుంటావు. నేనే పోగొట్టానంటే తట్టుకోలేవనిపించింది. గొడవ సంగతి చెప్పినప్పుడు నీ బావమరిదిని అనుమానిస్తారని ఆలోచించలేదు."

మీటరాయన కళ్ళనుంచి నీళ్ళు వాటంతట అవే కారాయి. తర్వాత చేతిసంచి దగ్గరికి లాక్కున్నాడు. రబ్బరు బ్యాండు వేసిన మీటరు స్లిప్పుల కట్ట బయటికి తీశాడు.

"ఇవాళ డాక్టరు రాడు కదా?"

"రాడు" అంది భార్య ఆ చెవిలో.

"సాయంత్రం దాకా చప్పుడుండదు. మొదటిదానితో మొదలుపెట్టండి." బావమరిది వైపు తిరిగాడు. "అట్ట మీద నీ పేరు వేయించమని బుధవారమే చెప్దామనుకున్నా. నువ్వు వింటేగా."

బావమరిది లేచాడు. కీబోర్డు ముసుగు తీశాడు. మొదటి స్వరం రెండుసార్లు తప్పు నొక్కాడు.

రికార్డిస్టు లేచి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ వంకా, మీటరాయన వంకా మార్చి మార్చి చూశాడు. "రికార్డు చెయ్యనా?" అని సైగ చేశాడు.

"చెయ్యి. ఈసారి రెండు చోట్ల పెట్టు" అన్నాడు మీటరాయన.

"మూడో కాపీ స్టేషన్లో ఉంటుంది" అంది ఇన్‌స్పెక్టర్.

పది గంటల పన్నెండు నిమిషాలకి మొదటి పాట ఎత్తుకున్నారు. మీటరాయన ఎడమ చెవి స్పీకరుకి ఆనించి, అరచెయ్యి దాని చెక్క మీద పెట్టుకున్నాడు. కొన్ని ఒక్కసారికే వచ్చాయి. నాలుగో పాట ఏడుసార్లు పాడాల్సి వచ్చింది. అన్నం మాట ఎవరికీ గుర్తు రాలేదు. సంగీతం పడని ఇన్‌స్పెక్టర్ కిటికీ సందుకి బొంత అదిమిపెట్టి నిలబడింది. ఆరో పాట మొదలయ్యాక గుర్తుపట్టింది. నెలనెలా తన గేటు దగ్గర విన్న కూనిరాగం. దానికి మాటలున్నాయని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు.

తొమ్మిదోది ఆగేసరికి 4.35. ఆస్పత్రికి ఇరవై నిమిషాల దారి. డ్రైవరు కింద జీపు స్టార్ట్ చేసి ఉంచాడు.

తొమ్మిదో పాట ఆఖరి మాట మొదటి పాట మొదటి మాటే. మీటరాయన స్పీకరు మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

"మొదటిది ఇంకొక్కసారి" అన్నాడు. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. "టైముందా మేడమ్?"

ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆమె ఎవరికీ టైము తప్పు చెప్పలేదు. గడియారం ఉన్న చేతిని వెనక్కి పెట్టుకుంది. ఆయన ఎడమవైపుకి వచ్చి వంగింది.

"బోలెడుంది" అని గట్టిగా చెప్పింది.